వీడియో కింద పెట్టే డిస్‌క్లెయిమర్ మిమ్మల్ని కాపాడదు: కాపీరైట్, ఫెయిర్ డీలింగ్ సంగతి తేల్చుకోవడం ఎలా

తెలుగు యూట్యూబ్ ఛానళ్లలో చాలా వీడియోల కింద ఒకే రకం పేరా కనిపిస్తుంది. 1976 కాపీరైట్ చట్టం, సెక్షన్ 107, ఫెయిర్ యూజ్ అంటూ ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు. ఒకరి దగ్గర నుంచి ఒకరు తీసుకుని అతికించుకుంటూ వచ్చినవే. ఆ సెక్షన్ అమెరికా చట్టంలోది. విజయవాడలో వీడియో చేసే మనిషి మీద హైదరాబాద్ నిర్మాత కేసు వేస్తే మన కోర్టు ముందు పెట్టుకునేది 1957 నాటి భారత కాపీరైట్ చట్టాన్ని. అందులో ఉన్నది ఫెయిర్ డీలింగ్, అంటే కొన్ని అవసరాలకు అనుమతి లేకుండానే న్యాయంగా వాడుకునే వెసులుబాటు, సెక్షన్ 52 కింద. పోనీ అమెరికాలోనైనా ఆ పేరా వల్ల రక్షణ వస్తుందా అంటే, రాదు. మీరు ఆ క్లిప్పుతో ఏం చేశారన్నదే అక్కడా చూస్తారు, కింద ఏం రాశారన్నది కాదు.

కథలు చదివి వినిపించేవాళ్లు, సినిమా రివ్యూలు చేసేవాళ్లు, పాఠాలు చెప్పే టీచర్లు, సొంతంగా కథలూ కవితలూ రాసుకునేవాళ్లు, అందరికీ ఈ లెక్క తెలియాలి. ఇంకొకరి రచన వాడుకునే ముందు ఏ వరసలో ఆలోచించాలో కింద చెబుతున్నాను. లాయర్ నోటీసు ఇప్పటికే చేతికి వచ్చి ఉంటే మాత్రం ముందు ఒక లాయర్‌ని కలవండి, తర్వాత ఇది చదవండి.

మొదట: మీరు తీసుకుంటున్నది ఆలోచననా, రాసిన తీరునా?

ఆలోచనకు కాపీరైట్ ఉండదు. ఆ ఆలోచనను ఒకరు తన మాటల్లో, బొమ్మల్లో, స్వరాల్లో పెట్టిన రూపానికి ఉంటుంది. సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో దీన్ని గట్టిగా చెప్పింది. తన నాటకాన్నే సినిమాగా తీశారని ఆనంద్ కేసు వేశారు. ప్రాంతీయ దురభిమానం, రెండు వేర్వేరు ప్రాంతాల కుటుంబాల పిల్లల మధ్య ప్రేమ, ఇవి రెండింటిలోనూ ఉన్నాయి. అయినా ఆయన ఓడిపోయారు. ఇతివృత్తం కలిసినంత మాత్రాన నకలు అయిపోదని, రెండూ చూసిన ప్రేక్షకుడికి ఇది దానికి కాపీయే అని స్పష్టంగా అనిపించాలని కోర్టు చెప్పింది.

అందుకే జరిగిన సంఘటన, చారిత్రక విషయం, తేదీ, మ్యాచ్ స్కోరు ఎవరి సొత్తూ కాదు. గోంగూర పచ్చడికి ఏమేం కావాలో, ఎంతెంత కావాలో చెప్పే కొలతలూ అంతే. కానీ ఒక వంటల పుస్తకంలో రచయిత్రి ఆ పచ్చడి గురించి రాసుకున్న వాక్యాలను, పక్కన వేసిన ఫొటోను యథాతథంగా దించేస్తే అది వేరే సంగతి. సినిమా పేరుకు, కథ పేరుకు కూడా కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసుకుని ఉండవచ్చు కాబట్టి ఆ వైపు కూడా ఒకసారి చూసుకోవాలి.

కోర్టు తీర్పులను, గెజిట్‌లో వచ్చిన విషయాలను తిరిగి ప్రచురించుకోవచ్చు. అలాగని ప్రభుత్వం ప్రచురించినదంతా ప్రజలదే అనుకోకండి. ప్రభుత్వ రచనలకు ప్రచురణ నుంచి 60 ఏళ్ల కాపీరైట్ ఉంది. స్కూలు పాఠ్యపుస్తకాన్ని మొత్తం స్కాన్ చేసి యాప్‌లో పెట్టి చందా వసూలు చేసేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ట్యాంక్‌బండ్ మీద ఉన్న విగ్రహాల్లాంటి వాటిని, అంటే బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలబెట్టిన శిల్పాలను, మీరే ఫొటో తీసి వేసుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. అదే విగ్రహాన్ని ఇంకొకరు తీసిన ఫొటో అయితే ఆ ఫొటో వాళ్లది.

తర్వాత: గడువు తీరిందేమో లెక్క వేయండి

రచన, సంగీతం, చిత్రలేఖనం, ఫొటో లాంటి వాటికి మన దేశంలో కాపీరైట్ ఆ సృష్టికర్త బతికి ఉన్నంత కాలం, చనిపోయిన తర్వాత మరో 60 ఏళ్లు. చనిపోయిన ఏడాది తర్వాత వచ్చే జనవరి 1 నుంచి ఈ 60 ఏళ్లు లెక్కపెట్టాలి. మొదట ఇది 50 ఏళ్లే. 1941లో కన్నుమూసిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు ముగిసిపోతున్న సమయంలో, 1992లో, మరో పదేళ్లు పెంచారు.

మన వాళ్లతో లెక్క వేసి చూడండి. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనల మీద ఎవరికీ కాపీరైట్ లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో పోయారు, 2018 చివరితో గడువు తీరింది. గుర్రం జాషువా 1971లో పోయారు, అంటే 2031 చివరి దాకా హక్కు ఉంటుంది. చలం 1979లో, శ్రీశ్రీ 1983లో పోయారు. చలం రచనలకు 2039 చివరి దాకా, శ్రీశ్రీ కవిత్వానికి 2043 చివరి దాకా గడువు ఉంది. శ్రీశ్రీ అందరివాడు కదా అని పుస్తకం మొత్తం పీడీఎఫ్ చేసి గ్రూపుల్లో పంచేవాళ్లను చూస్తుంటాను. అభిమానం నిజమే కావచ్చు, చట్టం దృష్టిలో మాత్రం అది ఉల్లంఘనే. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రచనలకు లెక్క మారుతుంది. వాటికి ప్రచురణ నుంచి 60 ఏళ్లు.

అనువాదాల దగ్గర చాలామంది పొరబడతారు. శరత్ చంద్ర 1938లోనే పోయారు. ఆయన బెంగాలీ మూలాలను ఎవరైనా తెలుగులోకి తెచ్చుకోవచ్చు. కానీ మన ఇళ్లలో ఉన్న తెలుగు శరత్ పుస్తకాలు ఆయా అనువాదకుల రచనలు. అనువాదకుడు పోయిన 60 ఏళ్ల దాకా ఆ తెలుగు వాక్యాల మీద హక్కు ఉంటుంది. అన్నమయ్య సంకీర్తనలదీ ఇదే దారి. సాహిత్యం అందరిదీ, కానీ ఈ కాలపు సంగీతకర్త కట్టిన బాణీ ఆయనది, దాన్ని పాడించి విడుదల చేసిన రికార్డింగ్ ఇంకొకరిది. వేమన పద్యం తీసుకోండి, పక్కన ఉన్న ఆధునిక వ్యాఖ్యానం మాత్రం అడగకుండా తీసుకోకండి.

సినిమాలకు, సౌండ్ రికార్డింగ్‌లకు మనిషి ఆయుష్షుతో పని లేదు. విడుదలైన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్లు. ఇందులో ఒక చిక్కుముడి ఉంది. మాయాబజార్ 1957లో వచ్చింది కాబట్టి సినిమాగా దాని గడువు 2017 చివరితో తీరింది. కానీ పాటలూ మాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు. ఒక రచనగా ఆ సాహిత్యానికి 2031 చివరి దాకా గడువు ఉంది. సంగీతానికి మళ్లీ వేరే లెక్క. కాబట్టి పాత సినిమా కదా అని మొత్తం ఎక్కించేసే ముందు, అందులో కలిసి ఉన్న ఒక్కోదాని గడువు విడిగా చూడాలి.

ఇప్పుడు: హక్కు ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి

ఒక సినిమా పాటలో కనీసం నాలుగు రకాల హక్కులుంటాయి. గీత రచయితది, సంగీత దర్శకుడిది, రికార్డింగ్ తయారుచేయించిన సంస్థది, పాడిన గాయకుడిది. ఒప్పందాలను బట్టి ఇవి చేతులు మారుతుంటాయి. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫు నుంచి లీగల్ నోటీసు వెళ్లింది, అనుమతి లేకుండా తన పాటలు వేదిక మీద పాడొద్దని. ఆ పాటలు పాడింది బాలూనే కదా అని తెలుగువాళ్లు చాలామంది నొచ్చుకున్నారు. ఎవరి వైపు న్యాయం ఉందన్న చర్చ అలా ఉంచితే, పాడిన గొంతు ఎవరిదన్నది, ఆ స్వరరచన మీద హక్కు ఎవరిదన్నది వేర్వేరు ప్రశ్నలని లక్షల మందికి మొదటిసారి తెలిసింది అప్పుడే. మనలాంటివాళ్లు ఒక పాట బీజీఎంగా వాడుకోవాలంటే మ్యూజిక్ కంపెనీ ఒక్కటే కాదు, సాహిత్యం, సంగీతం హక్కుల తరఫున ఐపీఆర్‌ఎస్ లాంటి సంస్థ కూడా లెక్కలోకి వస్తుంది.

ఉద్యోగంలో భాగంగా రాసింది, ఒప్పందంలో వేరేగా లేకపోతే, యజమానికి చెందుతుంది. ఫ్రీలాన్స్‌గా రాసింది రాసినవాళ్లదే. పెళ్లి ఫొటోల విషయంలో చట్టం చాలామంది అనుకునేదానికి ఎదురుగా ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అందుకే ఫొటోగ్రాఫర్లు తమ ప్రచారానికి ఆల్బమ్ వాడుకోవాలంటే ముందే కాగితం మీద రాయించుకోవాలి.

గూగుల్‌లో దొరికిన బొమ్మ గూగుల్‌ది కాదు, యజమాని లేనిదీ కాదు. ఆ బొమ్మ మొదట ఎక్కడ వచ్చిందో వెతికి పట్టుకోవడం మీ పని.

అసలైన మెట్టు: ఇది ఫెయిర్ డీలింగ్ కిందకు వస్తుందా?

గడువు ఉంది, హక్కుదారు ఉన్నారు, అనుమతి లేదు. అప్పుడే సెక్షన్ 52 తెరవాలి. ఫెయిర్ డీలింగ్ కింద చట్టం మూడు రకాల అవసరాలను ఒప్పుకుంటుంది. సొంత వాడకం, అందులో పరిశోధన కూడా కలుస్తుంది. విమర్శ లేదా సమీక్ష, అది ఆ రచన మీదైనా కావచ్చు, దాని ఆసరాతో మరో రచన మీదైనా కావచ్చు. వర్తమాన సంఘటనల వార్తా కథనం, బహిరంగ సభలో ఇచ్చిన ఉపన్యాసాన్ని రిపోర్ట్ చేయడం కూడా ఇందులోదే. మీ పని ఈ మూడింటిలో దేనికిందకు వస్తుందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "వినోదం కోసం", "మన భాషకు సేవ కోసం" అనేవి ఆ జాబితాలో లేవు. ఇది చేదుగానే ఉంటుంది, కానీ మంచి ఉద్దేశం ఒక్కటే సరిపోదు.

అవసరం కుదిరితే అప్పుడు రెండో ప్రశ్న: తీసుకున్న తీరు న్యాయంగా ఉందా? మన కోర్టులు దీన్ని ఎలా చూస్తాయో తెలియడానికి 1996లో కేరళ హైకోర్టు ఇచ్చిన సివిక్ చంద్రన్ తీర్పు మంచి దారి చూపిస్తుంది. బాగా పేరున్న ఒక మలయాళ రాజకీయ నాటకానికి జవాబుగా సివిక్ చంద్రన్ మరో నాటకం రాశారు. పాత నాటకంలోని పాత్రలను, సంభాషణలను అందులో వాడుకున్నారు. మొదటి నాటకాన్ని విమర్శించడమే రెండోదాని ఉద్దేశం కాబట్టి కోర్టు దాన్ని ఆపలేదు. అక్కడ మూడు సంగతులు చూశారు. మీ విమర్శతో పోలిస్తే తీసుకున్నది ఎంత, దాని విలువ ఎంత? ఎందుకు తీసుకున్నారు? మీది వచ్చాక మూలానికి పోటీ అయ్యే అవకాశం ఉందా?

ఈ మూడో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగమని నా సలహా. మీ వీడియో చూసిన మనిషికి అసలు పుస్తకం కొనాల్సిన అవసరం, అసలు సినిమా చూడాల్సిన అవసరం తీరిపోయిందా? తీరిపోతే మీరు ఎన్ని మాటలు కలిపినా ఇబ్బందే.

కొన్ని మామూలు సందర్భాల్లో పెట్టి చూద్దాం.

పన్నెండు నిమిషాల సినిమా రివ్యూ చేశారు. ఫొటోగ్రఫీ గురించి మాట్లాడుతూ ట్రైలర్ నుంచి ఆరు సెకన్ల షాట్ చూపించి, ఆ లైటింగ్ ఎందుకు నచ్చలేదో చెప్పారు. ఇది సమీక్ష. చూపించిన ప్రతి ముక్క మీదా మీ మాట ఉంది. మీ స్థానం గట్టిది. అదే రివ్యూలో వెనకాల సినిమా పాట మొత్తం నడుస్తుంటే, దాని గురించి మీరు ఒక్క మాటైనా అనకపోతే, ఆ పాటకు సమీక్ష ముసుగు దొరకదు. థియేటర్‌లో ఫోన్‌తో తీసిన ముక్క పెడితే మాత్రం ఇక వాదించడానికేమీ ఉండదు. సినిమాల చట్టం కింద కూడా అది నేరం.

"సినిమా కథ పది నిమిషాల్లో" రకం వీడియోలు. సినిమా దృశ్యాలనే వరసగా అతికించి, మొదటి నుంచి క్లైమాక్స్ దాకా కథ చెప్పేయడం. చెప్పేవాళ్లు దీన్ని ఎక్స్‌ప్లెయినర్ అంటారు. ఇందులో విమర్శ ఎక్కడుందో వేలుపెట్టి చూపించలేకపోతే ఫెయిర్ డీలింగ్ వాదన నిలబడటం కష్టం.

ఇప్పుడు తెలుగులో బాగా పెరిగిన సంగతి, కథలు చదివి వినిపించడం. ఒక రచయిత కథను మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా మంచి గొంతుతో చదివి, "రచన ఫలానా" అని పేరు చెప్పి, వీడియోకు ప్రకటనలు పెట్టుకుంటారు. ఇది పూర్తి కాపీ. పేరు చెప్పడం మర్యాద, అనుమతి కాదు. ఇక్కడ నాకు బాధ కలిగించేది ఒకటుంది. తెలుగులో కథ రాస్తే పత్రిక ఇచ్చే పారితోషికం అంతంత మాత్రం, చాలాచోట్ల అదీ లేదు. అలాంటి రచయితకు ఆడియో హక్కు ఒక్కటే కొంచెం ఆదాయం తేగలిగేది. దాన్ని అడగకుండా తీసుకోవడం ఆయన భోజనంలో ముద్ద తీసుకోవడమే. ఒక్క ఫోన్ చేస్తే చాలామంది రచయితలు సంతోషంగా ఒప్పుకుంటారు కూడా. అదే కథ మీద అరగంట మాట్లాడుతూ, శైలి చూపించడానికి నాలుగు పేరాలు చదివితే అది సమీక్ష, దానికి ఎవరినీ అడగక్కర్లేదు.

టీచర్ల సంగతి వేరు. తరగతిలో పాఠం చెప్పే క్రమంలో టీచర్ గానీ విద్యార్థి గానీ రచనను కాపీ చేసుకోవడానికి, ప్రశ్నపత్రంలో వాడుకోవడానికి సెక్షన్ 52లోనే విడిగా మినహాయింపు ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ దగ్గర రామేశ్వరి అనే జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్ తదితర ప్రచురణ సంస్థలు వేసిన కేసులో, కోర్సుకు కావలసిన అధ్యాయాలను కట్టగా చేసి విద్యార్థులకు ఇవ్వడం ఈ మినహాయింపులోకి వస్తుందని ఢిల్లీ హైకోర్టు 2016లో చెప్పింది. పేద పిల్లల చదువుకు ఇది పెద్ద అండ. కాకపోతే ఇది పాఠం చెప్పే క్రమానికి ఇచ్చిన వెసులుబాటు. పోటీ పరీక్షల పుస్తకాన్ని స్కాన్ చేసి టెలిగ్రామ్‌లో వేల మందికి పంపితే ఆ తీర్పు ఆదుకోదు. చూపులేనివాళ్లు, ఇతర వైకల్యాలున్నవాళ్లు చదువుకునేలా పుస్తకాన్ని ఆడియోగానో బ్రెయిలీగానో మార్చి, లాభం చూసుకోకుండా వాళ్లకు అందించడానికి కూడా 2012 సవరణ దారి తెరిచింది. ఈ పని చేసేవాళ్లు భయపడక్కర్లేదు, ఆ ఫైలు మామూలు వాడకంలోకి పోకుండా చూసుకుంటే చాలు.

పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాటలు పెట్టుకోవడం ఉల్లంఘన కాదని చట్టంలోనే రాసి ఉంది. ఆ పెళ్లి వీడియోను అదే పాటతో యూట్యూబ్‌లో పెడితే మాత్రం ఆ మినహాయింపు అక్కడి దాకా రాదు.

ఇక జనంలో తిరిగే నమ్మకాలు. ముప్పై సెకన్ల లోపు అయితే ఫర్వాలేదని చట్టంలో ఎక్కడా లేదు, సెకన్ల లెక్కే లేదు. మూడు లైన్ల హైకూలో రెండు లైన్లు తీసుకుంటే అది చాలా ఎక్కువ, నాలుగు వందల పేజీల నవల నుంచి రెండు పేజీలు తీసుకుని చర్చిస్తే అది తక్కువే. డబ్బు రావడం లేదు కాబట్టి తప్పు కాదన్నదీ నిజం కాదు. సంపాదన లేకపోవడం మీకు కొంచెం సాయపడుతుంది, అంతే. పిచ్ మార్చడం, వీడియోను అద్దంలోలా తిప్పడం, చుట్టూ ఫ్రేమ్ పెట్టడం, ఇవి కాపీని పసిగట్టే సాఫ్ట్‌వేర్‌ను తప్పించుకునే పనులు. రేపు కోర్టులో అవే మీ ఉద్దేశం మంచిది కాదని చెప్పే సాక్ష్యాలవుతాయి.

అమెరికా లెక్క ఎప్పుడు అవసరం?

మీరు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఛానల్ నడుపుతుంటే, లేదా అమెరికా సంస్థ అక్కడి చట్టం కింద మీకు నోటీసు ఇస్తే. అక్కడి ఫెయిర్ యూజ్‌లో మన దగ్గరలా అవసరాల జాబితాకు కట్టిపడేయడం ఉండదు. ఏ వాడకమైనా నాలుగు కొలతల మీద తూచుతారు: ఎందుకు ఎలా వాడారు, మూలం ఎలాంటిది, ఎంత తీసుకున్నారు, మూలం మార్కెట్‌కు ఏమవుతుంది. అందుకే పేరడీకి అక్కడ చోటు ఎక్కువ. 1994లో అమెరికా సుప్రీంకోర్టు, డబ్బు కోసం చేసిన పేరడీ పాట కూడా ఫెయిర్ యూజ్ కావచ్చని చెప్పింది. అలాగని అది హద్దుల్లేని స్వేచ్ఛ కాదు. ఒక గాయకుడి ఫొటో ఆధారంగా చిత్రకారుడు ఆండీ వార్హోల్ చేసిన చిత్రాన్ని పత్రికకు లైసెన్స్ ఇవ్వడం మొదటి కొలత ప్రకారం ఫెయిర్ యూజ్ వైపు తూగదని 2023లో అదే కోర్టు తీర్పిచ్చింది. మూలం ఏ పనికి వాడతారో కొత్తదీ ఆ పనికే వాడారన్నది కారణం.

అనుమతి అడగడం

సందేహం మిగిలితే అడగండి. చాలామంది ఈ మెట్టును ఏదో పెద్ద వ్యవహారంలా చూస్తారు. ఒక ఈమెయిల్ సరిపోతుంది. అందులో ఏ రచన, ఎంత భాగం, ఏ రూపంలో, ఎక్కడ పెడతారు, ఎంత కాలం, డబ్బు వస్తుందా, వస్తే అందులో రచయితకు ఎంత, పేరు ఎలా వేస్తారు, ఇవన్నీ ఉండాలి. ఇలా రాయొచ్చు:

"నమస్కారం అండీ. మీ ఫలానా కథను మా ఆడియో ఛానల్‌లో పూర్తిగా చదివి వినిపించాలనుకుంటున్నాం. కథలో ఒక్క మాట కూడా మార్చం. మొదట్లోనూ వివరాల్లోనూ మీ పేరు, పుస్తకం పేరు ఉంటాయి. ఛానల్‌కు ప్రకటనల ఆదాయం ఉంది, కథకు ఇంత పారితోషికం ఇవ్వగలం. మూడేళ్ల పాటు ఉంచుకోవడానికి అనుమతి కోరుతున్నాం. మీరు వద్దంటే తీసుకోం. సమ్మతమైతే ఈ మెయిల్‌కే జవాబు ఇవ్వండి."

ఫోన్‌లో "అలాగే కానీయండి" అన్నా సరే, తర్వాత ఒక మెయిల్ పంపి జవాబు తెప్పించుకోండి. లైసెన్స్ రాతపూర్వకంగా ఉండాలని చట్టమే చెబుతుంది. రచయిత లేకపోతే వారసులను అడగాలి. జవాబు రాకపోవడాన్ని ఒప్పుకోలుగా లెక్కపెట్టకూడదు.

అడగక్కర్లేని సరుకు కూడా చాలా ఉంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఉన్న (అంటే సృష్టికర్తే కొన్ని షరతులతో ముందుగా అనుమతి ఇచ్చేసిన) ఫొటోలు, తెలుగు వికీసోర్స్‌లోని పాత పుస్తకాలు, యూట్యూబ్ వాళ్లే ఇచ్చే ఆడియో లైబ్రరీ. క్రియేటివ్ కామన్స్‌లో షరతులు చదవండి. కొన్నింటికి పేరు వేస్తే చాలు, కొన్నింటిని వ్యాపారానికి వాడకూడదు, కొన్నింటిని మార్చకూడదు. ప్రకటనలున్న ఛానల్ నడుపుతూ వ్యాపారానికి వాడొద్దన్న ఫొటో పెట్టడం కూడా ఉల్లంఘనే.

క్లెయిమ్ వచ్చిందా, స్ట్రైక్ వచ్చిందా?

ఈ రెండూ ఒకటి కాదు, కంగారు పడకముందే ఏదో చూడండి. కంటెంట్ ఐడీ క్లెయిమ్ అంటే యూట్యూబ్ సాఫ్ట్‌వేర్ ఒక పాటనో దృశ్యాన్నో గుర్తుపట్టింది. చాలాసార్లు వీడియో ఉంటుంది, ఆదాయం మాత్రం హక్కుదారుకు వెళుతుంది. మీరు డిస్ప్యూట్ పెడితే అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి. స్ట్రైక్ అంటే హక్కుదారు చట్టపరంగా ఫిర్యాదు చేసి వీడియో తీయించేశారు. మామూలుగా 90 రోజుల్లో స్ట్రైక్ పోతుంది, ఆ లోపల మూడు పడితే ఛానలే పోవచ్చు.

మీది నిజంగా సమీక్షే అనుకుంటే కౌంటర్ నోటిఫికేషన్, అంటే వీడియో తీయించడం తప్పని చెప్పే ఎదురు నోటీసు, ఇవ్వొచ్చు. అప్పుడు అవతలివాళ్లు అమెరికా పనిదినాల లెక్కన 10 రోజుల్లో కోర్టుకు వెళ్లినట్టు చూపించకపోతే వీడియో తిరిగి వస్తుంది. కానీ అది చట్టపరమైన ప్రకటన, మీ అసలు పేరూ అడ్రసూ అవతలివాళ్లకు వెళతాయి. కోపంలో ఇవ్వొద్దు. పైన సివిక్ చంద్రన్ తీర్పు దగ్గర చెప్పిన మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబులు రాసుకుని, అవి మీకే నమ్మకంగా అనిపిస్తే ఇవ్వండి. కొన్ని సెకన్ల క్లిప్పుకు స్ట్రైక్ వేసి, తీసేయాలంటే పెద్ద మొత్తం కట్టమనే ధోరణి గురించి 2025లో దేశమంతా చర్చ జరిగింది. అలాంటిది ఎదురైతే బేరానికి దిగకముందే లాయర్‌కు చూపించండి. ఆధారం లేకుండా కాపీరైట్ పేరుతో బెదిరించేవాళ్ల మీద ఎదురు దావా వేయడానికి సెక్షన్ 60 దారి ఇస్తుంది.

మీ రచననే ఎవరో తీసుకుంటే

రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ కోర్టులో పనికొచ్చే ఆధారం. ఢిల్లీలోని కాపీరైట్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయొచ్చు. సాహిత్య రచనకు ఫీజు ఒక్కోదానికి 500 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. ప్రతి కవితకూ చేయించలేం కాబట్టి కనీసం డ్రాఫ్టులు తేదీలతో సహా దాచుకోండి, మీ మెయిల్‌కే మీరు పంపుకోండి.

కవిత కింద పేరు తీసేసి వాట్సాప్‌లో తిప్పడం తెలుగులో నిత్యం జరిగే అన్యాయం. హక్కులు అమ్మేసినా సరే, ఇది నాది అని చెప్పుకునే హక్కు, దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు సెక్షన్ 57 కింద మీ దగ్గరే ఉంటాయి. విజ్ఞాన్ భవన్‌లో తాను చేసిన కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం పీకేసి పాడుచేసినప్పుడు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ పోరాడి గెలిచింది ఈ సెక్షన్ మీదే. 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పం మిగిలిన భాగాలను ఆయనకు ఇచ్చేయమని, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమని ఆదేశించింది.

దొంగతనం కనబడగానే ముందు స్క్రీన్‌షాట్లు తీయండి, లింకు, తేదీ, వ్యూస్ కనబడేలా. తర్వాత ఆ మనిషికి మర్యాదగా రాయండి. తెలియక చేసినవాళ్లు చాలామంది అక్కడే తీసేస్తారు. తీయకపోతే ఆ ప్లాట్‌ఫామ్‌కు ఫిర్యాదు చేయండి. 2013 కాపీరైట్ నిబంధనల ప్రకారం, సరైన వివరాలతో రాతపూర్వక ఫిర్యాదు అందితే ఆ లింకులు పెట్టుకున్న సంస్థ 36 గంటల్లో దాన్ని ఆపే చర్య తీసుకోవాలి. అయితే 21 రోజుల్లో మీరు కోర్టు ఆర్డర్ తేకపోతే వాళ్లు తిరిగి తెరవొచ్చు. కాబట్టి ఫిర్యాదు పెట్టిన రోజే లాయర్‌తో మాట్లాడటం మొదలుపెట్టండి. తెలిసి చేసిన ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టగలిగే నేరమని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది.

కథను షార్ట్ ఫిల్మ్‌కు ఇస్తున్నా, పుస్తకం పబ్లిషర్‌కు ఇస్తున్నా, సంతకం పెట్టే కాగితంలో ఏ హక్కు, ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి అన్నవి ఉన్నాయో చూడండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే లెక్కేస్తుంది. "సర్వహక్కులు శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాసి ఉంటే పెన్ను పక్కన పెట్టి, ఆడియో, సినిమా, అనువాద హక్కులు విడిగా రాయమని అడగండి.